చెడిపోతే ఏ వైపు పడుతుంది?

రాత్రి రెండు దాటింది. హనుమకొండలో గాలివాన వెలిసి, నాలుగు గంటలుగా లేని కరెంటు వచ్చింది. వచ్చీ రాగానే మా అమ్మా బాపు ఉంటున్న ఇంట్లో పది బల్బులు ఒక్కసారిగా నిండు వెలుతురుతో వెలిగాయి. పడక గదిలో, వంటింట్లో, దేవుడి అర్రలో, ఎవరూ పడుకోని ముందు గదిలో కూడా. అప్పుడే కునుకు పట్టిన అమ్మ, ఇంట్లోకి ఎవరో వచ్చారనుకుని దడుచుకుని లేచి కూర్చుంది. బాపు చీకట్లో తడుముకోవాల్సిన పని లేకుండా వెలుతురులోనే ఇల్లంతా తిరిగి, గోడ మీది స్విచ్చులు ఒక్కొక్కటీ కట్టేసి వచ్చాడు. తెల్లారి హైదరాబాద్‌లో నేను ఫోను తెరిచి చూస్తే పది బల్బుల పక్కనా ఒకటే మాట: ఆఫ్‌లైన్.

అది 2023 మే నెల. ఫోను నుంచే వెలిగించి ఆర్పే ఆ స్మార్ట్ బల్బులను కొని పెట్టింది నేనే. అంతకు ముందటి దసరాకు ఇంటికి వెళ్లినప్పుడు, డాలస్‌లో ఉన్న తమ్ముడూ నేనూ కలిసి ఆ ఇంటికి 45 వేల రూపాయలు ఖర్చు పెట్టాం. పది బల్బులు, రెండు టచ్ స్విచ్ బోర్డులు, మూడు ప్లగ్గులు, రెండు కెమెరాలు, మాట వినే స్పీకరు ఒకటి, వీధి తలుపుకు వేలిముద్రతో తెరుచుకునే తాళం, ఎలక్ట్రీషియన్ కూలి. పిల్లలిద్దరం దూరంగా ఉన్నాం, ఇంటి మీద ఒక కన్ను ఉండాలనే ఆరాటం. ఆ ఆరాటాన్ని నేను ఇప్పటికీ తప్పుపట్టను. దాన్ని తీర్చుకున్న తీరు మీదే నా అభ్యంతరం.

ఆ బల్బులు పాడైపోలేదు. అవి అలాగే తయారయ్యాయి. కరెంటు పోయి వస్తే వెలగడం వాటి సహజ గుణం. గోడ స్విచ్ వేసిన మనిషికి వెలుతురు కావాలి కదా అని. స్విచ్ వేయడానికీ, సబ్‌స్టేషన్ నుంచి కరెంటు తిరిగి రావడానికీ తేడా బల్బుకు తెలియదు. కరెంటు పోవడం అరుదైన ఊళ్లలో ఆ తేడా ఎవరికీ గుర్తుకు రాదు. మన దగ్గర ఈదురుగాలి వచ్చిన ప్రతి సాయంత్రం గుర్తుకొస్తుంది. దాన్ని మార్చే అమరిక యాప్ లోపల ఎక్కడో ఉందని నాకు ఆ రాత్రి తరవాతే తెలిసింది.

బాపు కాజీపేటలో రైల్వే సిగ్నల్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాడు. ఆ ఉదయం ఆయన కోప్పడలేదు. ఒక్క ప్రశ్న అడిగాడు. "ఇది చెడిపోతే ఏ వైపు పడుతుంది బిడ్డా?"

నాకు అర్థం కాలేదు. అప్పుడు పాతకాలపు చెయ్యి సిగ్నల్ గురించి చెప్పాడు. క్యాబిన్ నుంచి సిగ్నల్ స్తంభం దాకా తీగ ఉంటుంది. క్యాబిన్‌లో మీట లాగితే తీగ బిగిసి, పైన చెయ్యి కిందికి వాలుతుంది; బండి రావచ్చని అర్థం. ఆ తీగ ఎక్కడైనా తెగితే, స్తంభానికి ఉన్న బరువు దిమ్మ దానంతట అదే చెయ్యిని అడ్డంగా నిలబెడుతుంది, ఆగమని అర్థం. పరికరం చెడిపోకుండా ఎవరూ చేయలేరు, కానీ చెడిపోయినప్పుడు క్షేమం వైపు పడేలా చేయవచ్చు. బాపు ఉద్యోగమంతా ఆ ఒక్క సూత్రం మీద నడిచింది. ఈ మూడేళ్లలో ఇంట్లో పెట్టిన ప్రతి వస్తువునూ నేను ఆ ప్రశ్నతోనే చూస్తున్నాను.

ముందు డబ్బు సంగతి తేల్చేస్తాను, ఎందుకంటే వీటిని అమ్మేవాళ్లు మొదట చెప్పేది కరెంటు ఆదా గురించే. ఒక ఎల్ఈడీ బల్బు 9 వాట్లు. మరిచిపోయి రోజుకు మూడు గంటలు ఎక్కువగా వెలిగించారనుకుందాం. నెలకు 0.8 యూనిట్ అవుతుంది. ఫోను నుంచి ఆర్పేసి దాన్ని మిగిల్చాం. మంచిదే. కానీ ఈ బల్బు ఆరిపోయినట్టు కనిపిస్తున్నప్పుడు కూడా వైఫైతో మాట్లాడుతూ మేలుకునే ఉంటుంది. అందుకు ఒక్కొక్కటి అర వాట్ దాకా తీసుకుంటుంది. పది బల్బులు రోజుకు 19 గంటలు అలా కాచుకుని ఉంటే నెలకు దాదాపు మూడు యూనిట్లు. మిగిల్చినదానికి మూడింతలకు పైగా, ఊరికే ఎదురుచూడటానికే పోతోంది.

అదే ఇంట్లో పాత సీలింగ్ ఫ్యాన్లు నాలుగు, ఒక్కొక్కటి 75 వాట్లు. వాటి స్థానంలో తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెట్టించాం. రోజుకు పది గంటలు తిరిగితే ఫ్యానుకు నెలకు పదమూడున్నర యూనిట్లు మిగులుతాయి, నాలుగింటికి 54. గృహజ్యోతి కింద అర్హత ఉన్న ఇళ్లకు 200 యూనిట్ల దాకా ఉచితం కదా. ఆ గీతకు అటూ ఇటూ ఊగిసలాడే ఇంటికి 54 యూనిట్లంటే చిన్న మాట కాదు. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి చేశారు కాబట్టి దుకాణంలో ఎంచుకోవడమూ తేలికే. ఆ ఫ్యాన్లకు ఇంటర్నెట్ అక్కర్లేదు. చిన్న రిమోట్ ఉంది. అర్ధరాత్రి చలేస్తే అమ్మ లేవకుండానే తగ్గించుకుంటుంది. మా ఇంట్లో తెలివైన వస్తువు ఏదని నన్నడిగితే మొదట ఫ్యానునే చూపిస్తాను.

స్పీకరు గురించి ఎక్కువ రాయలేను, రాస్తే బాధేస్తుంది. మేం కొన్న దానికి ఇంగ్లిష్, హిందీ వచ్చు, తెలుగు రాదు. అమ్మ అరవై ఏళ్లుగా తెలుగులో బతికిన మనిషి. తన ఇంట్లో తన గదిలో దీపం ఆర్పడానికి నేను కాగితం మీద తెలుగు అక్షరాల్లో రాసిచ్చిన ఇంగ్లిష్ మాటలను ఆమె బడిపిల్లలా వల్లె వేసింది. మూడోసారి కూడా అది అర్థం చేసుకోకపోతే, తప్పు తనదే అన్నట్టు నా వైపు చూసింది. ఆ చూపు నేను మరిచిపోలేదు. మర్నాడే స్పీకరు తీసేశాను.

కెమెరాల విషయం ఇంకా లోతైనది. రెండూ తమ్ముడే పెట్టించాడు. ఒకటి గేటు వైపు, ఒకటి ముందు గదిలో. అమ్మ పడిపోతే తెలియాలి కదా అన్నాడు. సరేనన్నాను. కొన్ని నెలల తరవాత, ఎండలు ముదిరాక వెళ్లాను. ఎండాకాలం మధ్యాహ్నాలు అమ్మ ముందు గదిలో నాపరాయి నేల మీద తడిగుడ్డతో తుడిచి, కొంగు తల కింద పెట్టుకుని, కాళ్లు బారజాపుకుని పడుకునేది. నా చిన్నప్పటి నుంచీ ఆ గంటన్నర ఆమెది. ఆ రోజు ఆమె ఉక్కపోసే పడక గదిలో మంచం అంచున కూర్చుని ఉంది. ముందు గదిలో ఎందుకు పడుకోవడం లేదంటే, "బాబు చూస్తుంటాడు కదా" అంది. ఫిర్యాదు కాదు. కొడుకు చూస్తుంటే కాళ్లు జాపుకుని పడుకోవడం బాగుండదని, అంతే. కెమెరా మీద ఒక రుమాలు మడత వేసి ఉంది. ఎవరైనా అడిగితే దుమ్ము పడకుండా కప్పానని చెప్పాలనుకుందట.

నాలుగు వేల రూపాయలు కూడా చేయని వస్తువు ఆమె ఇంట్లో ఆమెను అతిథిని చేసింది. దీన్ని ఏ ధరల పట్టికలోనూ రాయరు. పైగా ఆ దృశ్యాలు చూసేది కొడుకొక్కడేనని కూడా గట్టిగా చెప్పలేం. ఇంటి కెమెరాలు అమ్మే, అమెజాన్‌కు చెందిన రింగ్ సంస్థ ఉద్యోగులు, కాంట్రాక్టర్లు కస్టమర్ల ఇళ్ల లోపలి వీడియోలు చూడగలిగే స్థితి ఉండేదని 2023లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభియోగం మోపింది. ఆ కేసులో సంస్థ 58 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. అంత పెద్ద సంస్థలోనే అలా ఉంటే, పేరు కూడా సరిగ్గా తెలియని యాప్‌లో మా అమ్మ మధ్యాహ్నపు నిద్ర ఎవరి దగ్గర దాచి ఉందో నేనెలా చెప్పగలను? లోపలి కెమెరా ఆ సాయంత్రమే ఊడదీశాం. గేటు కెమెరా ఉంది. అది వీధిని చూస్తుంది, మనుషుల్ని కాదు.

2023 జులై 27 గుర్తుంది కదా. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసిన వారం. వరంగల్, హనుమకొండ కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. మా వీధిలో పగలంతా కరెంటు లేదు. ఇన్వర్టర్ మధ్యాహ్నానికే అయిపోయింది, రౌటర్ ఆరిపోయింది, డాలస్‌లో తమ్ముడి ఫోనులో గేటు కెమెరా నల్లబడిపోయింది. వాడు ఏడుపు గొంతుతో నాకు ఫోను చేశాడు. నేను బాపు పాత కీప్యాడ్ ఫోనుకు చేస్తే రెండో రింగుకే ఎత్తి, "మెట్ల దాకా రాలేదు నీళ్లు, అన్నం తింటున్నాం" అన్నాడు. కెమెరా లేకపోయి ఉంటే తమ్ముడు కూడా మొదట ఆ నంబరుకే చేసేవాడు. తెర నల్లబడినప్పుడు కెమెరా పోయిందా, ఇల్లే పోయిందా అన్నది దూరాన ఉన్నవాడికి తెలియదు. అది చెడిపోతే భయం వైపు పడుతుంది.

కరెంటూ నెట్టూ బాగానే ఉన్నా సరిపోదు. ఈ వస్తువుల్లో చాలా వాటి మెదడు మన ఇంట్లో లేదు. ఎక్కడో సర్వర్లలో ఉంది. వాటి మీద మనకు హక్కు లేదు. ఇంట్లో దీపాలనూ తాళాలనూ ఒకే పెట్టెతో నడిపే రివాల్వ్ అనే సంస్థను నెస్ట్ కొనుక్కుని, 2016 మేలో దాని సర్వర్లను ఆపేసింది. జనం 300 డాలర్లు పెట్టి కొన్న పెట్టెలు ఆ రోజుతో పనికిరాకుండా పోయాయి. 2022 ఏప్రిల్‌లో ఇలాంటి పరికరాలే అమ్మే ఇన్‌స్టియాన్ అనే అమెరికా సంస్థ సర్వర్లు ముందుగా ఒక్క మాట చెప్పకుండా ఆగిపోయాయి. తరవాత కొందరు వినియోగదారులే పూనుకుని దాన్ని కొని నిలబెట్టారు. 2025 అక్టోబర్ 20న అమెజాన్ క్లౌడ్‌లో వర్జీనియా కేంద్రంగా వచ్చిన అంతరాయంతో అలెక్సా, రింగ్ లాంటివి గంటల తరబడి తడబడ్డాయి. మనకు ఆ రోజు దీపావళి. ఎక్కడో సముద్రాల అవతల ఒక చిరునామాల పట్టికలో పొరపాటు దొర్లితే మన పడక గదిలో దీపం మాట వినకపోవడం నాకు సమ్మతం కాదు. ఇంటి లోపలే పరికరాలు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకునే వీలుతో మేటర్ అనే ఉమ్మడి ప్రమాణం 2022 అక్టోబర్‌లో వచ్చింది. అది మంచి దారి. కొనదలచినవాళ్లు పెట్టె మీద ఆ గుర్తు ఉందో లేదో చూడాలి. మేం కొన్నప్పుడు ఆ ఆలోచనే లేదు.

ఇప్పుడు నీళ్ల సంగతి. మా ఇంట్లో అసలు కష్టం దీపాలు ఆర్పడం ఎన్నడూ కాదు. నల్లా నీళ్లు సంపులో పడతాయి. సంపులోంచి మోటారుతో డాబా మీది ట్యాంకుకు ఎక్కించాలి. ట్యాంకు నిండిందో లేదో చూడటానికి బాపు మెట్ల గది మీదికి ఇనుప నిచ్చెన ఎక్కేవాడు. వయసు 71. మరిచిపోతే ట్యాంకు పొంగి నీళ్లు పక్కింటి గోడ మీద పడేవి, వాళ్లతో మాట వచ్చేది. సంపులో నీళ్లు లేకుండా మోటారు ఆడితే అది కాలేది. రెండుసార్లు వైండింగ్ చేయించాం. 45 వేలు ఖర్చు పెట్టిన మాకు ఈ నిచ్చెన కనబడలేదు. ఇంటికి వచ్చిన ప్రతిసారీ ఆ నీళ్లతోనే స్నానం చేశాం, అయినా కనబడలేదు. 2023 డిసెంబర్‌లో బాపు కాలు జారి మోకాలి కింద చీరుకుపోయాక కనబడింది.

మా వీధి చివర మోటార్ల వైండింగ్ దుకాణం ఉంది. అక్కడి మెకానిక్ 2,800 రూపాయలకు నీటి మట్టం చూసే కంట్రోలర్ బిగించాడు. ట్యాంకులో పైనా కిందా రెండు ఫ్లోట్లు, సంపులో ఒకటి, స్టార్టర్ పక్కన అరచేయంత పెట్టె. ట్యాంకులో మట్టం తగ్గితే మోటారు ఆడుతుంది, నిండితే ఆగుతుంది, సంపు ఖాళీ అయితే అసలు ఆడదు. బిగించడం అయిపోయాక బాపు తన ప్రశ్న అతన్నీ అడిగాడు. అతను నోటితో జవాబు చెప్పలేదు. మోటారు ఆడుతుండగా టెస్టర్‌తో మర వదులు చేసి, ఫ్లోట్ నుంచి వచ్చే సన్నని తీగను పెట్టెలోంచి పీకేశాడు. టక్‌మని చప్పుడు. మోటారు ఆగిపోయింది. తీగ పోతే ఆగే రకం, ఆగని రకం, రెండూ దొరుకుతాయట; ఆగే రకమే పెట్టానన్నాడు. తరవాత పక్కనున్న మీటను మాన్యువల్ వైపు తిప్పి, స్టార్టర్ పచ్చ బటన్ నొక్కి, ఎప్పటిలాగే మోటారు ఆడించి చూపించాడు. బాపు ముఖంలో ఆ క్షణం కనిపించిన నిశ్చింత, మేం పెట్టిన 45 వేలకు ఒక్కసారీ కనిపించలేదు. అప్పటి నుంచి ఆయన నిచ్చెన ఎక్కలేదు.

ఆ పచ్చ బటన్ గురించి మా మేనమామకు బాగా తెలుసు. నర్సంపేట దగ్గర వ్యవసాయం, మిరప, వరి. ఆయన బావి దగ్గర సిమ్ కార్డు వేసిన మొబైల్ స్టార్టర్ ఉంది. ఇంటి నుంచి ఫోను చేస్తే మోటారు ఆడుతుంది, ఒక ఫేజు పోతే తనంతట తాను ఆగిపోతుంది. వ్యవసాయానికి కరెంటు రాత్రిపూట విడతలుగా వచ్చిన రోజుల్లో టార్చిలైటు పట్టుకుని గట్ల మీద నడిచిన మనిషికి, పాములకు భయపడి కర్ర చప్పుడు చేస్తూ వెళ్లిన మనిషికి అది ఎంత పెద్ద ఊరటో నేను వేరే చెప్పక్కర్లేదు. అది పనిచేయని రోజు పొద్దున్నే వెళ్లి బటన్ నొక్కుతాడు. పని ఆగదు.

మన ఉత్తర తెలంగాణ రైతులకు తమంతట తాము పనిచేసే పరికరాలు కొత్త కాదు. పట్నం ఇళ్లలోకి ఈ వస్తువులు రాకముందే పొలాల్లో ఆటో స్టార్టర్లు ఉన్నాయి. కరెంటు రాగానే మోటారు దానంతట అదే ఆడుతుంది. ఒక రైతుకు అది సుఖం. అందరివీ ఒకేసారి ఆడితే ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం, అవసరం లేకపోయినా భూగర్భ జలం పైకి. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు, ఆటో స్టార్టర్లు తీసేయండని విద్యుత్ సిబ్బంది ఊరూరా తిరిగి చెప్పాల్సి వచ్చింది. కరెంటు రాగానే మనిషిని అడగకుండా ఆడే మోటారు, రాత్రి రెండింటికి మనిషిని అడగకుండా వెలిగిన మా బల్బులు, రెండూ ఒకే జాతివి. మామ స్టార్టర్ వేరు. అది పిలిస్తేనే పలుకుతుంది.

ఇక ఎవరూ లెక్కగట్టని ఖర్చు చాకిరీ. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు కాకతీయుల కాలం నుంచి పొలాలు పారిస్తున్నాయంటే గట్టు గట్టిదని మాత్రమే కాదు. తూము దగ్గర నీరటి ఉండేవాడు. ఎప్పుడు తూము ఎత్తాలో, ఏ మడికి ఎంత వదలాలో చూడటం అతని పని. ఊరు అతనికి ధాన్యం కొలిచి ఇచ్చేది. స్మార్ట్ ఇంటికీ ఒక నీరటి కావాలి. మా ఇంటికి నేనయ్యాను, 150 కిలోమీటర్ల దూరంలో ఉండి. ఒక నెల లెక్క రాసి పెట్టుకున్నాను: 17 ఫోన్లు, దాదాపు 11 గంటలు. ఇంటర్నెట్ వాళ్లు ఒకసారి పాత పెట్టె తీసి కొత్తది పెట్టి వెళ్లారు. పాస్‌వర్డ్ మారిపోయింది. బల్బులకూ ప్లగ్గులకూ కొత్త పాస్‌వర్డ్ ఒక్కొక్కదానికీ విడివిడిగా చెప్పాలి. శనివారం బస్సెక్కి వెళ్లాను. ప్రతి గదిలో స్విచ్ ముందు నిలబడి వేసి, ఆర్పి, వేసి, ఆర్పి, బల్బు మిణుకుమిణుకుమనేదాకా ఆగి, ఫోనులో వెతికి, దొరక్కపోతే మళ్లీ మొదటి నుంచి. రౌటర్ ఇచ్చే రెండు రకాల వైఫైలో అవి 2.4 గిగాహెర్ట్జ్ దానికే కలుస్తాయి. నా ఫోను ఇంకోదానికి కలిసి ఉందని తెలియడానికే రెండు గంటలు పట్టింది. అమ్మ మూడుసార్లు అన్నానికి పిలిచింది. ఆమెతో గడపడానికి వచ్చిన రోజు మొత్తం గోడ వైపు తిరిగి నిలబడి గడిపాను. ఆ సాయంత్రం బస్సులో నిర్ణయించుకున్నాను. తరవాతి నెల వెళ్లినప్పుడు బల్బులన్నీ తీసి మామూలు ఎల్ఈడీలు పెట్టాను.

అందరికీ ఇదే వర్తిస్తుందని నేను అనను. పక్షవాతం వచ్చి మంచం మీద ఉన్న మా పెదనాన్నకు మాటతో వెలిగే దీపం ఉంది. ఆయన ఇంగ్లిష్ మాస్టారుగా పనిచేశారు, మాట స్పష్టంగా ఉంది, కోడలు పక్క గదిలోనే ఉంటుంది. దీపం వేయమని రాత్రి ఎవరినీ లేపాల్సిన పని లేకపోవడం ఆయనకు ఎంత గౌరవమో కళ్లారా చూశాను. అక్కడ ఎంత ఖర్చయినా నేను సమర్థిస్తాను. అది చెడిపోతే లేచి వేసే మనిషి ఉంది, బాగుచేసే మనవడూ ఉన్నాడు.

మా ఇంట్లో ఇప్పుడు నాలుగు ఫ్యాన్లు, నీళ్ల కంట్రోలర్, గేటు కెమెరా మిగిలాయి. వేలిముద్ర తాళం కూడా ఉంచాం, దానికి మామూలు తాళంచెవి కూడా ఉంది కాబట్టి. అమ్మ వేళ్లు గిన్నెలు తోమి తోమి అరిగి, సగంసార్లు అది ఆమెను గుర్తుపట్టదు. తాళంచెవి కొంగుకు కట్టుకునే ఉంటుంది.

పోయిన నెల తమ్ముడు ఇంకో మాట తెచ్చాడు. అమ్మకు చేతి గడియారం కొందామని, ఆమె పడిపోతే తనంతట తానే మా ఇద్దరికీ కబురు పంపుతుందని. ఆలోచన మంచిదే, మా మొదటి భయం కూడా అదే. ఫోనులో మాట్లాడుతుంటే అమ్మ పక్క నుంచి అడిగింది, "స్నానానికి వెళ్తే తీసి పెడతాను కదా, అక్కడే కదా జారేది?" బాపు తన ప్రశ్న అడిగాడు. చార్జింగు పెట్టడం మరిచిపోతే, నెట్టు లేకపోతే, అది ఏ కబురూ పంపదు. కబురు రాలేదు కాబట్టి అమ్మ బాగానే ఉందని మేమిద్దరం అనుకుంటాం. కెమెరా చెడిపోతే భయపెట్టింది. ఇది చెడిపోతే ధైర్యం చెబుతుంది, అది ఇంకా ప్రమాదం. తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు.

గడియారం ఇంకా కొనలేదు. స్నానాల గదిలో గోడకు పట్టుకునే స్టీలు కడ్డీ రెండు చోట్ల బిగించాం, నేల మీద గరుకు పలకలు వేయించాం. వాడు వాళ్ల పొద్దున, నేను రాత్రి ఎనిమిదిన్నరకు, రోజూ ఫోను చేస్తున్నాం. ఎత్తకపోతే పక్కింటివాళ్ల నంబరు ఉంది. ట్యాంకు పొంగడం మానేశాక వాళ్లతో మాటలు మళ్లీ కలిశాయి.